కాచబిందు అంటే మన నీటికాసులే



ఈసారి పాఠం అక్షరాలను గూర్చి కాదు, వాటిని చదివే కన్నులను గూర్చి. అయినా ఇందులో మాతృభాష ప్రసక్తి లేకపోలేదు.

ఊర్జానగర్‌లోని మన తెలుగువారు కంటివైద్యుని వద్ద మరాఠీలో రెండు మాటలు వింటారు: మోతీబిందు, కాచబిందు. మొదటిది శుక్లం, శస్త్రచికిత్సతో చూపు తిరిగి వస్తుంది. రెండవది నీటికాసులు, అనగా గ్లాకోమా. ఇందులో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదానిని కాపాడుకొనడమే మిగిలేది. మా అన్నగారు ఈ రెంటికీ భేదమెరుగక, "ముదిరిన తరువాత తీయించుకొంటానులే" అని రెండేండ్లు ఊరకున్నారు. నేడు ఆయన కుడికంటికి వెలుగునీడలు తప్ప మరేమీ తెలియవు.

తోబుట్టువులకు ఈ వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ గనుక నేనూ పరీక్ష చేయించుకొన్నాను. నాకూ ఉన్నదన్నారు. చుక్కలమందు వేసుకొంటున్నాను. కంటిలోపలి ఒత్తిడి సాధారణంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసం మేర ఉంటుంది. ఆసుపత్రిలో చూచినప్పుడల్లా నాది 17 లేక 18. అయినా నా చూపు అంచులు తరిగిపోతూనే ఉన్నాయి.

బల్లార్షాలో రైలెక్కి హైదరాబాదు వెళ్లాను. అక్కడి వైద్యురాలు, "మాస్టారూ, ఎప్పుడూ పగలు పదకొండు గంటలకే కొలిపించుకొన్నారా?" అని అడిగారు. ఒత్తిడి రోజంతా ఒకేతీరుగా ఉండదట. చాలామందికి వేకువవేళ పెరుగుతుందట. ఇంటివద్ద కొలుచుకొనేందుకు ఐకేర్ హోమ్ అనే చిన్న యంత్రాన్ని కొన్నాళ్లకు ఇచ్చారు. ఫిన్లాండ్ సంస్థ తయారుచేసిన ఈ యంత్రానికి అమెరికాలో 2017లో అనుమతి లభించింది. ఇందులోని సన్నని పుల్ల నల్లగుడ్డు మీది పొరను తాకీతాకకుండా తాకి వెనుకకు మళ్లుతుంది. ఆ మళ్లే తీరునుబట్టి ఒత్తిడి తెలుస్తుంది. మత్తుచుక్కలు అక్కరలేదు.

వేకువ 5 గంటలకు నా ఒత్తిడి 26! వైద్యురాలు మందు మార్చారు.

ఒక్క పరీక్ష మార్కులతో విద్యార్థిని అంచనా వేయరాదని ఏండ్ల తరబడి చెప్పిన నేను, నా కంటి విషయంలో ఆ మాట మరచాను.

యంత్రం ఖరీదు ఎక్కువ. అందరికీ అవసరమూ కాదు. ఇంట్లో అంకె తగ్గినంతమాత్రాన చుక్కలు మానరాదు. అయితే, "ఒకసారి వేరేవేళ కొలుస్తారా?" అని వైద్యుని అడుగుటకు ఖర్చేమీ లేదు.

నిన్న తరగతిలో నల్లబల్లపై "మోతీబిందు - శుక్లం, కాచబిందు - నీటికాసులు" అని వ్రాసి, పిల్లలచేత ఎక్కించి, ఇంట్లో అవ్వాతాతలకు చదివి వినిపించమన్నాను. మీరూ మీ ఇంట వినిపించండి.

ఇక సెలవు.