సముద్రం లేని జిల్లాలో ఒక రోజు

వేసవి సెలవులు రాగానే పిల్లలు సముద్రం చూపించమంటారు. నిజామాబాదు నుండి బందరుకో భీమిలికో పోవాలంటే ఖర్చు ఎక్కువ, రోజులూ పడతాయి. అందుకే మా సంఘ కుటుంబాలం కలిసి నిజాంసాగరుకు వెళ్లాము. బైబిలులో మనం చదివే గలిలయ సముద్రం కూడా మంచినీటి సరస్సే కదా!

మంజీరా నదిపై 1923లో మొదలైన ఈ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది. పొద్దున్నే చేరితే చల్లగా ఉంటుంది. చెట్టు నీడన ప్రార్థన చేసుకొని, సద్దిమూటలు విప్పుకోవచ్చు. పిల్లలను మాత్రం నీటిలోకి దిగనివ్వకండి.

అక్కడితో ఇంటిదారి పట్టకండి. ఆ నీరే కాలువల ద్వారా బోధన్ ప్రాంతపు చెరకును పెంచింది. ఆ చెరకుతోనే 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచింది, శక్కర్‌నగర్ వెలిసింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. అక్కడ పనిచేసిన ఒక పెద్దాయన ఇంట్లో మంచినీళ్లు తాగాము. “తాతా, మరి చెరకు ఏమైంది?” అని పిల్లలు అడిగారు. “చాలామంది వరి వేసుకున్నరు బిడ్డా. మా పనే పోయింది” అన్నాడు. ఆయన కుటుంబం కోసం అక్కడే ప్రార్థించాము.

వీలుంటే మరునాడు డిచ్‌పల్లి చూడండి. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి ప్రారంభించారు. అందుకు ధనసహాయం చేసిన రాజా నర్సాగౌడ్ హిందూ సోదరుడు.

ప్రియులారా, గలిలయ ఒడ్డున ప్రభువు ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టాడు, రోగులను ముట్టి స్వస్థపరచాడు. మన విహారయాత్రలోనూ ఒక ఇంటిని పలకరించే సమయం ఉంచుకుందాం.