త్రోవ తప్పినపుడు

కార్తికమాసమున వనభోజనములకు పోవునపుడు పులిహోరయు, విస్తళ్లును, చాపలును మరువక సర్దుకొందుము. త్రోవ తప్పినచో నేమి చేయవలెనను ఆలోచన మాత్రము మనకు రాదు. నిరుటివరకు మాకును రాలేదు.

నిరుటి కార్తికమున మా వీధి స్త్రీలతోను పిల్లలతోను గూడి అమరావతినుండి కొండవీటికి వెళ్లితిమి. 14వ శతాబ్దమున రెడ్డిరాజులు రాజధానిగా జేసికొని యేలిన కొండ యది. ఇప్పుడు పైకి బండ్లు పోవు బాట గలదు; పైన ముత్యాలమ్మ చెరువు మొదలగు తటాకములు గలవు. బాట సుగమముగ నుండుటచే భయమన్నమాటయే మాకు తోచలేదు.

భోజనమైన పిమ్మట, పదియేండ్ల మా కుమారుని వెంటబెట్టుకొని సీతాఫలములకై పొదలలోనికి పోతిమి. పది నిమిషములలో తిరిగి వత్తుము గదా యని యెవరితోను చెప్పలేదు. పశువులు నడచిన జాడను కాలిబాట యని భ్రమించి పోగా పోగా, త్రోవ కానరాకపోయెను. అప్పుడే గొంతెత్తి పిలిచినచో మావారు వినియుందురు. కాని, పంతులుగారి భార్య దారి తెలియక కేకలు వేసినదని నవ్వుదురేమో యను సిగ్గు మా నోరు నొక్కెను. మరింత వేగముగ నడచితిమి. ప్రొద్దు కొండమాటున మరుగయ్యెను. "అమ్మా, ఈ కూలిన గోడను ఇందాకనే చూచితిమి గదా!" అని పిల్లవా డేడ్పుగొంతుతో ననెను. మా గుండె ఝల్లుమనెను.

ఇట్లు తిరుగుట మా యొక్కరి తెలివితక్కువ గాదు. 2009లో జర్మనీ శాస్త్రజ్ఞులు మనుష్యులను అడవిలోను ఎడారిలోను నడిపించి పరీక్షించిరి. సూర్యచంద్రులు కనబడనప్పుడు వారు తిన్నగా పోవుచున్నామని తలంచుచునే చుట్టు తిరిగిరట.

పిల్లవాని చేయి పట్టుకొని ఆ గోడకడనే కూర్చుంటిమి. ఫోను ఛాయాచిత్రములు తీయుటలోనే ఆరిపోయియుండెను. మరచెంబులోని నీరు చెరి రెండు గ్రుక్కలు త్రాగితిమి. చిన్ననాట మా తండ్రిగారు చదివించిన నలోపాఖ్యానము తలంపునకు వచ్చెను. దమయంతి చెట్టును గట్టును సైతము తన నాథుని జాడ యడిగినది; మేము సాటి స్త్రీలను పిలుచుటకే సిగ్గుపడితిమి! ఇక సిగ్గు విడిచి కేకలు వేసితిమి. మరచెంబును బండకు మూడుమారులు కొట్టి, కొంత ఆలకించి, మరల మూడుమారులు కొట్టితిమి. కొంతసేపటికి మేకల కాపరి యొకడు పొదలు తొలగించుకొనుచు వచ్చెను. "ఒకకాడ కూకున్నారు గనక దొరికారమ్మా. నడుస్తా ఉంటే మీ సద్దు ఎనక నేనేడ తిరిగేది?" అనెను.

1981లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు, తొమ్మిదేండ్ల బాలు డొకడు కొండపై తప్పిపోయి ప్రాణము గోల్పోయెను. వానిని వెదకినవారు ఆ దుఃఖముతో, దారి తప్పిన బిడ్డ ఒక చెట్టును పట్టుకొని అచ్చటనే యుండవలెనని పిల్లలకు నేర్ప నారంభించిరి. మా కాపరి చెప్పినదియు నదియే గదా!

ఇప్పుడు మేము కొండకు పోవునపుడు ఎటు పోవుచున్నామో, ఎప్పటికి వత్తుమో ఒకరితో చెప్పి పోవుదుము. పిల్లల మెడలో నొక యీలయు, ఒక్కొక్కరికి నీళ్లును, చిన్న దీపమును తప్పవు. ఫోనును అవసరమునకై దాచి, 112 అను సంఖ్యను పిల్లలచే వల్లింపించితిమి. అన్నిటికంటె ముందుగా, తప్పిపోయితిమని తోచిన క్షణముననే నిలిచి పిలువుమని చెప్పితిమి.

ఆనాడు చెరువుగట్టుకు చేరునప్పటికి మావారందరు మాకై యేడ్చుచుండిరి. నవ్వినవా రొక్కరును లేరు.