కొత్త నౌక - తొలి సిబ్బంది

యుద్ధనౌక అనే మాట వినగానే మన కళ్ల ముందు ఫిరంగులు, క్షిపణులు, ఎగసిపడే కెరటాలు మెదలుతాయి. పత్రికలలో కనిపించే బొమ్మలూ అవే. కాని ఆ ఉక్కు గోడల నడుమ రాత్రింబగళ్లు గడిపే మనుషుల జీవితం ఎటువంటిదో, ఒక కొత్త నౌకకు తొలి సిబ్బందిగా వెళ్లడమంటే ఏమిటో ఎరిగినవారు మనలో తక్కువ. మా తమ్ముడు భారత నౌకాదళంలో నావికుడు. సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు అతడు చెప్పిన సంగతులను, అతని మూలంగా మా ఇల్లు ఎదుర్కొన్న ఒక కష్టాన్ని విద్యార్థుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం. నౌకల రాకపోకలను గూర్చి బయట మాట్లాడకపోవడం నావికుల కుటుంబాలు పాటించే మర్యాద. కాబట్టి తమ్ముని నౌక పేరు ఇక్కడ రాయడం లేదు. అవసరమైన చోట లోకానికి తెలిసిన వేరొక నౌకను ఉదాహరణగా తీసుకుంటాను.

సముద్రం తెలుగువారికి కొత్త కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. స్వతంత్ర భారతంలో తయారైన 'జల ఉష' అనే ఓడను 1948లో జవాహర్‌లాల్ నెహ్రూ సముద్రంలోకి వదిలింది విశాఖపట్నంలోనే. అయినా మాది సముద్రం కనిపించని ఊరు. మా వంశంలో ఊరి చెరువు కంటె పెద్ద నీటిని చూసినవారు అరుదు. ఇంటర్మీడియట్ పూర్తికాగానే తమ్ముడు నౌకాదళానికి ఎంపికైనప్పుడు అమ్మీ రెండు రోజులు సరిగా అన్నం ముట్టలేదు. అబ్బా కుట్టుమిషన్ మీది నుండి తల ఎత్తకుండానే, "నేల మీద ఉన్నవాడికి రిజ్క్ రాసినవాడే నీళ్ల మీద ఉన్నవాడికీ రాస్తాడు. వాణ్ణి పోనీ" అన్నారు. ఆ మాటతో ఇంట్లో చర్చ ముగిసింది.

ఒడిశాలోని చిల్కా సరస్సు తీరాన ఐ.ఎన్.ఎస్. చిల్కాలో మొదటి శిక్షణ, తరువాత మహారాష్ట్రలోని లోనావాలాలో ఐ.ఎన్.ఎస్. శివాజీలో యంత్ర విద్య. ఆపై కొన్నేళ్లు ఒక పాత నౌకలో పని. అటు పిమ్మట, ఇంకా నిర్మాణంలో ఉన్న ఒక నౌకకు తొలి సిబ్బందిలో ఒకడుగా వెళ్లవలసిందని ఆజ్ఞ వచ్చింది.

యుద్ధనౌక ఒక్కనాడు పుట్టేది కాదు. 'ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం' అనే విధ్వంసక నౌకనే చూడండి. ముంబయిలోని మజగావ్ డాక్‌లో 2013లో దాని నిర్మాణానికి కీల్ వేశారు. 2015 ఏప్రిల్‌లో నీటిలోకి దించారు. 2021 నవంబరు 21న నౌకాదళంలో చేర్చుకున్నారు. దాని యార్డు సంఖ్య 12704. 163 మీటర్ల పొడవు, సుమారు 7,400 టన్నుల బరువు, గంటకు 30 నాటికల్ మైళ్లకు మించిన వేగం, నాలుగు గ్యాస్ టర్బైన్లు, దాదాపు 300 మంది సిబ్బంది - ఇవీ ఆ నౌక ప్రమాణాలు. దాని చిహ్నంలో విశాఖలోని డాల్ఫిన్స్ నోస్ దీపస్తంభం, మన కృష్ణజింక ఉన్నాయి. నీటిలోకి దిగిన తరువాత కూడా నౌక దళంలో చేరడానికి ఆరేళ్లకు పైగా పట్టిందంటే, ఉక్కు అతికించడం ఒక్కటే నౌకానిర్మాణం కాదని తెలుస్తుంది.

ఆ మిగిలిన పనిలో తొలి సిబ్బందికి పెద్ద పాలు ఉంది. వారు చేరేనాటికి నౌక నిండా కార్మికులు, వెల్డింగు నిప్పురవ్వలు, తీగల చుట్టలు. బస ఒడ్డున, పని నౌకలో. తమ్మునికి అప్పగించిన మొదటి పని గొట్టాలను వెతకడం. ఇంధనం, మంచినీరు, సముద్రపు నీరు, నిప్పునార్పే నీరు - ఏ గొట్టం ఎక్కడ మొదలై, ఏ గోడను దాటి, ఏ కవాటం వద్ద ఆగుతుందో చేతితో తడుముతూ పోయి కాగితంపై గీయాలి. దీపాలు ఆరిపోయి పొగ కమ్మినప్పుడు ఆ కవాటం చేతికి తగలాలి కదా! పాత నౌకలో అయితే ఈ పిడి బిగుసుకుంటుందనీ, ఆ పంపు ఇలా మొరాయిస్తుందనీ చెప్పే పెద్దలుంటారు. కొత్త నౌకలో ఎవరూ లేరు. తాము నేర్చినదే రేపు రాబోయేవారికి పాఠం, తాము చేసిన అలవాటే ఆ నౌకకు సంప్రదాయం. తొలి రోజు నుండి పనిముట్టును తుడిచి దాని చోట పెడితే ముప్పై ఏళ్లు అలాగే జరుగుతుంది. పెట్టకపోతే అదీ అలాగే జరుగుతుందని తమ్ముడు అంటాడు.

సముద్రంలోకి వెళ్లాక కాలగణనే మారిపోతుంది. రోజును 'వాచ్' అనే కాపలా వంతులుగా విభజిస్తారు. ఒక్కో వంతు నాలుగు గంటలు. అలాగైతే రోజుకు ఆరు వంతులై, మూడు జట్లలో ప్రతి జట్టుకూ నిత్యం అవే వేళలు వస్తాయి. అర్ధరాత్రి లేచేవాడు ఎప్పుడూ అర్ధరాత్రే లేవాలి. అందుచేత సాయంత్రం నాలుగు నుండి ఎనిమిది వరకు గల వంతును రెండేసి గంటల చొప్పున రెండుగా చీల్చి 'డాగ్ వాచ్' లన్నారు. అప్పుడు వంతులు ఏడవుతాయి, వేళలు జట్టు జట్టుకూ మారుతుంటాయి. నాకు లెక్కలు రాకపోయినా, ఈ ఏర్పాటులోని న్యాయం మాత్రం నచ్చింది.

నిద్ర ఒకదానిపై ఒకటిగా అమర్చిన పడకలలో. ఒకడు లేచి వంతుకు పోయేటప్పుడు పక్కవాడికి మెలకువ రాకుండా బట్టలు తొడుక్కోవడం కూడా ఒక విద్యే. మంచినీరు సముద్రపు నీటి నుండి యంత్రాలు తీసి ఇవ్వవలసిందే కనుక వాడకంలో పొదుపు తప్పదు. మొదటి తుఫాను గాలికి తమ్ముడు కూడా అందరివలె వాంతులతో సొమ్మసిల్లాడట. అయినా వంతు మానడానికి అది కారణం కాదు. అగ్నిప్రమాదం, నీరు జొరబడడం, శత్రువు దాడి - దేనికి ఎవరు ఎక్కడ నిలవాలో ముందే రాసి ఉంటుంది. వంటవాడికీ ఒక చోటు ఉంటుంది. గంట మోగగానే నిముషాలలో అందరూ తమ తమ చోట ఉండాలి. ఒక్క చోటు ఖాళీ అయినా మొత్తం నౌకకే లోపం. వారిలో మలయాళీ ఉన్నాడు, పంజాబీ ఉన్నాడు, అస్సామీ ఉన్నాడు. అందరికీ ఒకే భోజనశాల, ఒకే ఉక్కు నేల.

ఆ నౌక పరీక్షల కోసం సముద్రంలో ఉన్న రోజులలోనే అబ్బా కన్నుమూశారు. ఫజర్ వేళ పోయారు, జొహర్ తరువాత ఖననం జరిగింది. మన పద్ధతిలో ఆలస్యం ఉండదు, సముద్రంలో ఉన్న నౌకకు తొందరపాటు ఉండదు. వార్త వైర్‌లెస్‌లో అందినా తమ్ముడు ఇల్లు చేరేసరికి అయిదో రోజు. అమ్మీ అతణ్ణి చూసి, "ఆ ఇనుము నీ అబ్బా కంటె ఎక్కువైందా బేటా?" అని అడిగింది. అతడు బదులు పలకలేదు.

సాయంత్రం మేమిద్దరమూ కబ్రస్తాన్‌కు వెళ్లాము. చాలాసేపు నిలబడ్డాక అతడు అడిగిన మొదటి ప్రశ్న, "భాయ్, జనాజాకు నా భుజం చోట ఎవరున్నారు?" అని. మన వీధివారు, అంగడివారు, అబ్బా వద్ద బట్టలు కుట్టించుకున్న రైతులు నాలుగేసి అడుగులకు భుజం మార్చుకొంటూ మోశారనీ, ఏ క్షణమూ ఆ చోటు ఖాళీగా లేదనీ చెప్పాను. అప్పుడు అతడు తన రాత్రి సంగతి చెప్పాడు. వార్త అందిన రాత్రి అతనికి పన్నెండు నుండి నాలుగు వరకు వంతు. లేవబోతుంటే పైపడక మలయాళీ కుర్రవాడు భుజం పట్టి కూర్చోబెట్టి, ఏమీ అనకుండా తానే దిగి వెళ్లాడట. అప్పటికే ఆ కుర్రవాడు తన వంతు ముగించి వచ్చినవాడు. మరునాడు తమ్ముడు తన వంతు తానే చేశాడు. "అంతకుముందు మేము ఒక జాబితాలోని పేర్లం భాయ్. ఆ రాత్రి నుండి సిబ్బందిమయ్యాము" అన్నాడు. ఇంటికి వచ్చి ఆ మాటలు అమ్మీకి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పిదప ఆ మలయాళీ అబ్బాయి తల్లి ఉందా, ఏ ఊరు అని మాత్రం అడిగింది.

నౌకను దళంలో చేర్చుకొనే ఉత్సవానికి కుటుంబాలకు పిలుపు వచ్చింది. అమ్మీ ఇద్దత్‌లో ఉన్నందున నేనొక్కడినే వెళ్లాను. నౌకాధిపతి ఆజ్ఞాపత్రం చదివాడు. జాతీయ గీతం నడుమ నౌకాదళ పతాకం తొలిసారి ఎగిరింది. స్తంభాగ్రాన సన్నని పొడవైన జెండా ఒకటి ఎక్కింది. నౌక సేవ నుండి విరమించేనాటి వరకు దానిని దించరట. వరుసలో నిలిచిన తెల్ల దుస్తులలో తమ్ముడు ఎక్కడున్నాడో నాకు వెంటనే తెలియలేదు. అందరూ ఒక్కలాగే ఉన్నారు.

విద్యార్థులారా, నౌకాదళంలో చేరదలచినవారికి రెండు మాటలు. 2022 నుండి నావికులను అగ్నిపథ్ పద్ధతిలో నాలుగేళ్లకు తీసుకొంటున్నారు. వారిలో 25 శాతం వరకు మాత్రమే తరువాతి సేవకు నిలుస్తారు. ఆ సంగతి తెలిసి, ఆలోచించుకొని వెళ్లండి. బాలికలకూ దారి ఉంది. 2023 మార్చిలో చిల్కాలో శిక్షణ ముగించిన తొలి అగ్నివీరులలో యువతులున్నారు. గణితం, భౌతికశాస్త్రం శ్రద్ధగా చదవండి. ఈత నేర్వండి. ఇంట్లో పెద్దలతో ముందుగానే మనసు విప్పి మాట్లాడండి. ఎందుకంటే మీతోపాటు మీ ఇల్లు కూడా ఆ కొలువులో చేరుతుంది. మా అమ్మీకి నేడు వంతుల వేళలన్నీ కంఠతా వచ్చు. తహజ్జుద్‌కు లేచినప్పుడు గడియారం చూసి, "ఇప్పుడు వాడు పనిలో ఉంటాడా, పడుకొని ఉంటాడా?" అని నన్ను అడుగుతుంది. పనిలో ఉంటాడంటే దీపం ఆర్పకుండా మరికొంతసేపు కూర్చుంటుంది.