మేడికఱ్ఱ పాఠము

విద్య యెవరియొద్దనున్నను వినయముతో గ్రహింపవలెనని మేము తరగతిలో నిరువదియేండ్లుగా బోధించుచున్నాము. ఆ మాట మా విషయమున నెంతవఱకు సత్యమో పరీక్షించుకొను నవసరము మొన్నటి వేసవి వఱకు మాకు కలుగలేదు. సంస్కృతము చదివితిమి, ఆంగ్లము చదివితిమి, పుల్లలచెరువులో నర్జీ వ్రాయవలసినను, శుభలేఖలో తప్పు దిద్దవలసినను జనులు మాయొద్దకే వత్తురు. ఇందువలన మాకు కొంత గర్వముండెననుట దాచనేల?

పదవతరగతి ముగించిన యొక బాలిక తండ్రి మాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, పాలిటెక్నిక్కులో క్యాడ్ అని చెప్తారంట, అదేంది? ఆడపిల్లకు పనికొచ్చే చదువేనా?" అని యడిగెను. మాకు తెలియదు. తెలియదనుటకు సిగ్గుపడి, "ఏవో బొమ్మలు గీయుటలే" యని చెప్పి పంపితిమి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఒక పిల్ల భవిష్యత్తును మా యజ్ఞానముతో తూచితిమి గదా! కావున వేసవి సెలవులలో మార్కాపురము వైపున నున్న యొక కళాశాల ప్రయోగశాలకు ప్రతిదినము బస్సులో పోయి, మూడు వారములా విద్య నభ్యసించితిమి.

మాకు పాఠము చెప్పినది యిరువదినాలుగేండ్ల యువతి. మొదటిదినమున నామె బల్లపై నొక రాతిపలక నుంచి, "దీనికి పొడవు, వెడల్పు, మందము కలవు. ఇది ఘనము. దీనిని గీయుట సులభము. కాని కారు తలుపును, చెప్పుల యడుగును, నీటి కూజా మెడను ఇట్లు గీయలేము. వానికి ముందుగా పైచర్మము నల్లవలెను. మందము లేని యా చర్మమే సర్ఫేసు" అనెను. పలకలకు పేరుపడిన మార్కాపురపు సీమలో నింతకంటె చక్కని యుపమానమేది? ఆ చర్మపు ముక్కలను కుట్టి, ఎక్కడను సందులేకుండ మూసిననే యది ఘనమగును. మేము కుట్టిన మొదటి కూజాకు కంటికి కానరాని సందొకటి మిగిలెను. కంప్యూటరు దానిని ఘనముగ నంగీకరింపలేదు. పరీక్షాపత్రములో నొక మార్కు తగ్గించి సరిపెట్టు నలవాటు యంత్రమునకు లేదు.

ఈ విద్య చరిత్ర వినదగినది. పూర్వము ఓడలు కట్టువారు సన్నని బద్దలను వంచి, బరువులతో నదిమిపట్టి వంపులు గీసెడివారు. 1959లో ఫ్రాన్సుదేశమున సిట్రోయన్ కార్ల సంస్థలో పాల్ ద కాస్తెల్జో యను గణితజ్ఞుడు ఆ వంపులకు లెక్క కనిపెట్టెను. సంస్థ దానిని చాలకాలము గుప్తముగ నుంచెను. తరువాత రెనో సంస్థలో పియర్ బెజియే యను నింజనీరు అట్టి లెక్కనే వేఱుగా సాధించి లోకమునకు చాటుటచే నా వక్రరేఖ కతని పేరే నిలిచెను. ఆ రేఖ మొదటి బిందువును, కడపటి బిందువును తాకును. నడిమి బిందువులు దానిని తమవైపు లాగునేగాని సాధారణముగ తాకనీయవు.

రెండు తలములను కలుపుట యన్నింటికంటె కష్టము. అంచులు తాకిన చాలదు. తాకినచోట దిశయు నొక్కటి కావలెను. అదియు చాలదు, వంపు పరిమాణము కూడ నొక్కటి కావలెను. ఇది వినగనే మాకు సంధిప్రకరణము స్మరణకు వచ్చెను. రెండు పదములను ప్రక్కప్రక్కన నుంచుట వేఱు, అతుకు తెలియకుండ నొక్కటిగ పలికించుట వేఱు గదా! మేమీ మాట చెప్పగా నాచార్యురాలు నవ్వి, "అట్లే యనుకొనుడు, అయ్యవారూ" అనెను. మా సంస్కృతము వ్యర్థము కాలేదని సంతసించితిమి. ఆ సంతసము రెండు దినములకంటె నిలువలేదు.

మీ యూరి వస్తువు నొకదానిని గీసి తెండని యామె యడిగెను. మేము నాగలి మేడిని గీయబూనితిమి. ఎన్నిసార్లు గీసినను, పరీక్షకై తెరపై పఱచు నలుపుతెలుపుల చారలు అతుకులయొద్ద విఱుగుచునే యుండెను. చేయి పట్టు తావున కఱ్ఱ యెట్లు వంగునో మాకు తెలియదని యప్పుడు బోధపడెను. నిత్యము చూచితిమి, ఎన్నడును పట్టి యెఱుగము.

పదునైదేండ్ల క్రిందటి మాట. ఎనిమిదవతరగతిలో మా గ్రామపు వడ్రంగి కుమారుడొకడు, మేము శబ్దములు వల్లెవేయించుచుండగా, పుస్తకము వెనుక మేడిని మూడు ప్రక్కల నుండియు కొలతలతో గీయుచుండెను. మేమా కాగితమును లాగికొని, తరగతి యెదుట చించి, "నీకు చదువెందుకు? ఉలి పట్టుకొమ్ము" అంటిమి. ఆ యేడే వాడు బడి మానెను. ఇప్పుడు హైదరాబాదులో బల్లలు, మంచములు చేయుచున్నాడు. ఏ నగరమున బాలానగరమందు ఉపకరణముల రూపకల్పన నేర్పుటకు ప్రభుత్వసంస్థ 1968 నుండి యున్నదో, ఏ యమీరుపేట వీథులలో నీ విద్యనే రుసుము గొని నేర్పుదురో, ఆ నగరముననే వాడు పొట్టు రాల్చుచున్నాడు.

మేము వాని తండ్రియింటికి పోయితిమి. ఆ వృద్ధుడు మేడిపై నఱచేయి యాడించి, "ఇక్కడ బొటనవేలికి తావియ్యాల, ఇక్కడ మణికట్టు ఒరుసుకోకూడదు" అని రెండు తావులు చూపెను. ఆ రెండు తావుల బిందువులను సవరింపగా చారలు విఱుగక సాగెను. ఆయన బడి గడప తొక్కినవాడు కాడు.

చదువరులారా! చేతికి తెలిసినదానిని చదువు కాదనియు, నోటికి వచ్చినదే చదువనియు విభజించినవారము మేమే. ఆ విభజనమువలన మా చేతులు మొద్దుబాఱెను. వడ్రంగి బిడ్డల బుద్ధికి బడిలో చోటు లేకపోయెను. యంత్రము వచ్చినది గావున నీ విద్యకు నేడు గౌరవము వచ్చినది. యంత్రము రాకముందును నీ విద్య యూరిలోనే యుండెను. ఉపాధ్యాయులు సెలవులలో నైన నొక పనివాని యొద్ద శిష్యులై కూర్చుండవలెనని మా మనవి.

తిరిగివచ్చినపిమ్మట మేము మొదట బాలిక తండ్రిని పిలిచి, మేము చెప్పినది తప్పనియు, నది చక్కని విద్యయనియు, ఆడపిల్లల కది యేల తగదని మాకు బోధించినదియు నొక యాడపిల్లయే యనియు చెప్పితిమి. ఆమె దరఖాస్తును మేమే నింపితిమి.

పిదప హైదరాబాదునకు ఫోను చేసి, పాత శిష్యుని క్షమింపుమంటిమి. వాడు కొంతసేపు మాటాడలేదు. "మీరు తిట్టినందుకే పోలేదులే అయ్యవారూ, ఇంట్లో కూడా జరగలేదు" అనెను. ఆ మాటలోని దయ మాకు తెలియును. దానిచే మా తప్పు తీఱదనియు తెలియును. ఫ్రీక్యాడ్ అను సాధనము వెల లేక దొరకుననియు, తలములు గీయుటకందు వేఱు విభాగము కలదనియు చెప్పితిమి.

"ఇప్పుడు నేర్చుకోవచ్చంటారా? ఇరవై ఎనిమిదేండ్లు వచ్చినాయి నాకు" అని వాడడిగెను.

మా వయస్సు నలువదియాఱని చెప్పితిమి.