డిస్కుపై చీటీ

మేము పెండ్లి వీడియోలు తీయుచుండిన దినములలో డిస్కుకంటె దానిపై నంటించు చీటీయందే మాకు మోజు హెచ్చు. వధూవరుల ఫొటోను, గులాబీలను, మా దుకాణపు పేరును రంగులలో ముద్రించి, గుండ్రముగా కత్తిరించి యంటించెడివారము. పెండ్లి తేదీ వ్రాయవలెనను తలంపే లేకపోయెను. మాయొద్ద నుంచుకొను ప్రతులపై నసలేమియు వ్రాయలేదు.

2008లో ఒక పెండ్లికూతురి తండ్రి తమ డీవీడీని తెచ్చి చూపిరి. చీటీ యొకప్రక్క నుబ్బి లేచియుండెను. 1.2 మిల్లీమీటర్ల మందముగల యా బిళ్ల ప్లేయరులో నిమిషమునకు 500 చుట్లకు తగ్గక తిరుగును. కాగితము కొంచెము ప్రక్కకు జరిగినను తూకము తప్పి బొమ్మ నిలిచిపోవును. వేడికి జిగురు సడలినచో బిళ్ల లోపలనే చిక్కుకొనును.

"ఇందులో అక్షతలు వేయుచున్నది మా నాయనగారు. వారిప్పుడు లేరు బాబూ" అనిరి.

మాయొద్ద ప్రతి యుండెను. కాని పేరులేని యా దొంతరలో నది యేది? రెండు రాత్రులు ఒక్కొక్కటే వేసి చూచితిమి. నలువదిమూడవది యది!

నాటినుండి చీటీలు మానితిమి. తెల్లని పైపూతగల డిస్కులు కొని వానిపైననే ప్రింటరుతో ముద్రించితిమి. మా ప్రతులపై నీటిసిరాగల మెత్తనిమొన కలముతో ఇంటిపేరు, వధూవరుల పేర్లు, ఊరు, తేదీ, "2లో 1" అని వ్రాసితిమి. బాల్ పెన్ను పనికిరాదు. సీడీలపై మరియు కూడదు, దృశ్యము నిలిచియుండు పొర పైముఖమునకు మిక్కిలి దాపున నుండును గదా. గులాబీలకు చోటు మిగిలినచో నుంచితిమి. మా దుకాణపు పేరు అంచున చిన్నదాయెను.

ఆయన క్రొత్త ప్రతిని తీసికొని, తేదీని రెండుమారులు చదివికొని, సంచిలో పెట్టుకొని వెళ్లిరి.