నేల విడువని పాదం

మా ఆదిలాబాదు ప్రాంతానికి దూరపు నడక కొత్త కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మేస్రం వంశీయులైన గోండులు గోదావరి జలం కోసం హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్ళివస్తారు. అది వారి ఆచారం. అందులో గెలుపోటములు లేవు.

ఇంగ్లండులో మాత్రం నడక ఒకప్పుడు జూదపు వస్తువు. 1809లో కెప్టెన్ బార్‌క్లే గంటకొక మైలు చొప్పున 1000 గంటల్లో 1000 మైళ్ళు నడిచింది పందెం కాసే. కాలక్రమేణా నడక నియమబద్ధమైన ఒలింపిక్ క్రీడ అయింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశానికి చెందిన కె.టి. ఇర్ఫాన్ 20 కిలోమీటర్లను 1 గంట 20 నిమిషాల 21 సెకన్లలో నడిచి పదవ స్థానం పొందాడు.

ఇందులో ముందు పాదం నేలను తాకకముందే వెనుక పాదం లేవరాదు. ముందుకు వేసిన కాలు నేలను తాకింది మొదలు నిటారుగా అయ్యేవరకు మోకాలు వంగరాదు. పాదాలు నేలను వీడాయా లేదా అన్నది న్యాయనిర్ణేతలు కంటితో చూసే తేలుస్తారు.

ఇఖామత్ వినబడినా పరుగెత్తక, ప్రశాంతంగా నడిచి నమాజుకు రమ్మని మహాప్రవక్త (స) బోధించారు. ఆ హదీసు పాఠంలో ఈ క్రీడను ప్రస్తావించగా, పిల్లలు పోటీ పెట్టమన్నారు. ఒక శుక్రవారం ఉదయం కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్టపై నడిపించాను. న్యాయనిర్ణేతను నేనొక్కడినే.

చివరి మలుపులో ముందున్న బాలుడు నాలుగడుగులు పరుగెత్తాడు. నేను చూశాను. తండ్రిలేని బిడ్డ కదా అని ఊరుకుని, బహుమతిగా కలం అతనికే ఇచ్చాను.

ఇషా నమాజు తర్వాత అతడు వచ్చి కలాన్ని నా ముందుంచాడు. "హజ్రత్, చివర్లో పరుగెత్తాను. మీరు చూడలేదు. అల్లాహ్ చూశాడు" అన్నాడు.

నా తల వంగిపోయింది. "నేనూ చూశాను నాయనా" అని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

మరునాడు తరగతిలో నా తప్పు ఒప్పుకొని, రెండవవాడిని పిలిచి క్షమాపణ కోరి, కలం అతనికి అందించాను. యతీములపై దయ చూపడం మన విధి. కాని ఆ దయను మన సొంత సొమ్ములోంచి చూపాలి. మరో బిడ్డ హక్కులోంచి కాదు. ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఈ పాఠం ఒక విద్యార్థి నేర్పాడు. అల్లాహ్ అతనికి మేలు చేయుగాక!