డీజిల్ బండికి షికారు

ఆదివారం పొద్దున్నే కారు తీసేవాళ్లలో గుడికి వెళ్లేవాళ్లు, టిఫిన్‌కి వెళ్లేవాళ్లు కాక హైదరాబాదులో మూడో రకం ఒకటి బయల్దేరింది. వీళ్లకు ఫలానా చోటికని ఉండదు. గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కుతారు, శంషాబాద్‌లో దిగుతారు, టోల్ కట్టి మరీ వెనక్కొస్తారు. ఏం పని అంటే, "డీపీఎఫ్ కోసమండీ" అంటారు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మీదపడ్డ బాధ్యత ఇది. డీజిల్ కారు వదలదగ్గ మసిని కిలోమీటరుకు 0.025 గ్రాముల నుంచి 0.0045కి దించారు. అంత తక్కువంటే మసిని పొగగొట్టంలోనే పట్టుకోవాలి. అందుకో సిరామిక్ దిమ్మ, అదే డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్). దాన్నిండా సన్నటి గొట్టాలు. ఒకదానికి ఈ కొస మూసి ఉంటుంది, పక్కదానికి ఆ కొస. లోపలికొచ్చిన పొగ దారి లేక గోడలో ఇంకి అవతలికి పోతుంది. మసి గోడకే అంటుకుంటుంది.

నిండితే కాల్చాలి. మెకానిక్‌లు రీజెన్ అంటారు. ఇంజను అదనంగా డీజిల్ చిమ్మి ఫిల్టర్‌ను 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. అందుకు బండి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా పోవాలి. మన ఊళ్లో అంతసేపు ఆగకుండా పోయేదేముంది? మెహదీపట్నం ఫ్లైఓవర్ ఎక్కినా, అది పదకొండున్నర కిలోమీటర్లే. అరవైలో పోతే పన్నెండు నిమిషాలు తిరక్కుండానే ఆరాంఘర్.

రీజెన్ మొదలైందని చాలా బళ్లు నోరు విప్పి చెప్పవు. ఐడ్లింగ్ కాస్త పెరుగుతుంది, మైలేజీ అంకె ఉన్నట్టుండి పడిపోతుంది. తాళం తీసేశాక కూడా ఫ్యాన్ హోరుమంటుంటే, కాలిన వాసనొస్తుంటే, పని సగంలో ఆపేశామని అర్థం. అది ఖచ్చితంగా ఆఫీసు గేటు దగ్గరే జరుగుతుంది.

ఇలా మాటిమాటికీ ఆపితే, కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గితే కంగారుపడటం మనకు అలవాటు. ఈ బండికి పెరిగినా కంగారుపడాలి. ఆ ఆయిల్ కూడా బూడిద తక్కువ వదిలే రకమే పోయాలి. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్లోనే ఉండిపోతుంది. లీటరుకు వంద మిగుల్తుందని వేరే డబ్బా పోయించేవాళ్లను చూస్తే నాకు జాలి.

డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ పసుపు దీపం వెలిగిందా, రేపనుకోకుండా ఖాళీ రోడ్డెక్కాలి. టాప్ గేర్లో కునుకు తీయించక, ఒక గేరు తగ్గించి 2,000 ఆర్‌పీఎం పైన నడపాలి. దీపం ఆరకపోతే, ఇంకా లాగకుండా సర్వీస్ సెంటర్‌కి పోవడమే. ఆ దిమ్మ పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తామనేవాళ్లూ ఉన్నారు. చట్టం ఒప్పుకోదన్నది అటుంచి, ఆ మసి పీల్చేది వెనకాల బైకు మీదున్నవాడు.

షోరూంలో నెలకెన్ని కిలోమీటర్లు తిరుగుతారని అడుగుతారే గానీ, ఎక్కడ తిరుగుతారని అడగరు. రోజూ సూర్యాపేట పోయొచ్చే బండికి డీపీఎఫ్ బాధ దాదాపు ఉండదు. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకు పాకే బండికైతే మాత్రం పెట్రోలే మేలు.